గోరంత, కొండంత, గ్రాఫు కాగితం

ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో పిల్లలు సొంతంగా నిర్ణయించాల్సింది నిజానికి ఒక్కటే ఉంటుంది. రీడింగు పరికరం మీద ఉంటుంది. సూత్రం పుస్తకంలో ఉంటుంది. ప్రయోగం ఎలా చేయాలో మాన్యువల్‌లో వరుసగా అంకెలేసి రాసి ఉంటుంది. చివరికి ఎంత రావాలో కూడా ముందే తెలుసు. మిగిలింది గ్రాఫు స్కేలు. ఒక సెంటీమీటరుకి ఎంత తీసుకోవాలి, సున్నా నుంచి మొదలుపెట్టాలా వద్దా, కాగితం నిలువుగా పెట్టుకోవాలా అడ్డంగా తిప్పుకోవాలా అన్నది ఏ పరికరమూ చెప్పదు. కూర్చుని ఆలోచించి తేల్చుకోవాల్సిందే. మనం సరిగ్గా ఆ ఒక్కదాన్నే బోర్డు మీద రాసి పిల్లలకి ఇచ్చేస్తున్నాం.

అలా ఇవ్వకూడదన్నది నా వాదన. స్కేలు ఎంచుకోవడం రికార్డు అందంగా కనిపించడానికి చేసే పని కాదు, ప్రయోగంలో భాగం. ఇంకా చెప్పాలంటే ప్రయోగంలో బుర్ర పెట్టాల్సిన భాగం అదే.

ఇక్కడ జెద్దాలో మన పిల్లలు చదివే ఇండియన్ స్కూళ్ళలో ఎక్కువగా సీబీఎస్‌ఈ సిలబస్. పన్నెండో తరగతిలో ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌కి 30 మార్కులు. శుక్రవారం సెలవు కాబట్టి తెలిసిన తెలుగువాళ్ళ పిల్లలు ఇద్దరు ముగ్గురు రికార్డులు పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. తెలివైన పిల్లలు. పైథాన్‌లో ప్రోగ్రాములు రాస్తారు, రోబోలు కడతారు. గ్రాఫు కాగితం ముందు పెట్టగానే మాత్రం "అంకుల్, స్కేలెంత?" అని అడుగుతారు. ట్యూబ్‌లైట్ కొనడానికి వెళ్ళి ఎన్ని వాట్లు అని అడిగినట్టు అడుగుతారు. దానికి ఎక్కడో ఒక సరైన జవాబు ఉందనీ, అది పెద్దవాళ్ళకి తెలుసనీ వాళ్ళ నమ్మకం. ఇంటర్లో మా కాలేజీలోనూ ఇదే తంతు. క్లాసు మొత్తానికి ఒకటే స్కేలు, గ్రాఫు కాగితం కుడివైపు పైమూలలో అందరికీ ఒకే రెండు లైన్లు. రీడింగులు వేరైనా స్కేలు ఒకటే.

లోలకం ప్రయోగమే తీసుకుందాం. దారానికి గుండు కట్టి ఊపుతాం. పొడవు మారుస్తూ ఆవర్తన కాలం కొలుస్తాం. పొడవుకీ, ఆ కాలం వర్గానికీ గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది. దాని వాలు నుంచి గురుత్వ త్వరణం, అంటే జీ విలువ కడతాం. జెద్దా సముద్రమట్టంలో ఉంది, అక్షాంశం ఇరవై ఒకటిన్నర డిగ్రీలు. లెక్క ప్రకారం ఇక్కడ జీ సుమారు 9.79. హైదరాబాదు ఇంకొంచెం దక్షిణాన, అర కిలోమీటరు ఎత్తున ఉంది కాబట్టి అక్కడ సుమారు 9.78. ఇక్కడ 60 సెంటీమీటర్ల లోలకానికి కాలం వర్గం 2.42 రావాలి, 80కి 3.23, 100కి 4.03.

బోర్డు మీద ఇచ్చే మామూలు స్కేలు ఇలా ఉంటుంది: ఎక్స్ అక్షం మీద సెంటీమీటరుకి 10 సెంటీమీటర్లు, వై అక్షం మీద సెంటీమీటరుకి అర. 60 నుంచి 100 దాకా తీసుకున్న రీడింగులన్నీ నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, మూడు సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తు ఉన్న ముక్కలో ఇరుక్కుంటాయి. పాస్‌పోర్టు ఫొటో అంత జాగా. మిగతా కాగితమంతా ఖాళీ. అంత చిన్న జాగాలో ఏ చుక్కలైనా సరళరేఖ మీద ఉన్నట్టే కనిపిస్తాయి. పెన్సిలు మొన కొంచెం లావైతే ఇంకా నయం, తప్పులన్నీ దాని కిందే దాక్కుంటాయి.

ఇప్పుడు ఆలోచించి చేద్దాం. నా దగ్గరున్న పుస్తకంలో గళ్ళ భాగం 18 సెంటీమీటర్ల వెడల్పు, 24 సెంటీమీటర్ల పొడవు. కాగితాన్ని అడ్డంగా తిప్పితే పొడవు వైపు 24 దొరుకుతాయి. సెంటీమీటరుకి 5 చొప్పున 100 దాకా 20 సెంటీమీటర్లు, సరిపోయింది. ఇక వై అక్షానికి 18 ఉన్నాయి, 4.03 దాకా పట్టాలి. సెంటీమీటరుకి 0.2 తీసుకుంటే 20 సెంటీమీటర్లు దాటుతుంది, పట్టదు. 0.5 తీసుకుంటే 8 సెంటీమీటర్లే, సగం కాగితం వృథా. 0.3 తీసుకుంటే పట్టడమైతే పడుతుంది గానీ చిన్న గడి విలువ 0.03 అవుతుంది. అప్పుడు 2.42 ఎక్కడ పెట్టాలి? ఎనభై గళ్ళు దాటి ఇంకో గడిలో మూడింట రెండు వంతుల దగ్గర. ప్రతి చుక్కకీ కాలిక్యులేటర్ తీయాలి, ప్రతి చుక్కలోనూ పొరపాటుకి అవకాశం. మూడేసి, ఏడేసి లెక్కల్లో స్కేలు తీసుకోవద్దని పెద్దలు చెప్పేది ఇందుకే. 0.25 తీసుకుంటే నాలుగు చిన్న గళ్ళకి పదో వంతు. పావు, అర, ముప్పావు మనకి కూరగాయల బజారు నుంచీ అలవాటే. 16 సెంటీమీటర్లలో కుదిరింది. ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి, మూడింటిని వద్దనుకుని, ఒకటి తీసుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. పిల్లలకి దక్కకుండా పోతున్నవి ఆ పది నిమిషాలే.

కాగితం నిండడంతో పని అయిపోలేదు. స్టాప్‌వాచ్ నొక్కే బొటనవేలు ఒక సెకనులో ఐదో వంతు అటూ ఇటూ అవుతుందనుకోండి. ఇరవై ఊపులకి కొలిస్తే ఒక్క ఊపుకి వందో వంతు సెకను తేడా. వర్గం చేస్తే 0.03, 0.04 దాకా వస్తుంది. ఇందాకటి స్కేల్లో చిన్న గడి విలువ 0.025. అంటే మన కొలతలోని అనుమానం ఒక గడి, గడిన్నర. ఇది మంచి స్కేలు అని చెప్పడానికి నాకు తెలిసిన అన్నిటికంటే గట్టి పరీక్ష ఇదే: చిన్న గడి మన అనుమానమంత ఉండాలి. గడి మరీ పెద్దదైతే కష్టపడి కొలిచిన కొలత అందులో మునిగిపోతుంది. మరీ చిన్నదైతే చుక్కలు గంతులేస్తాయి. ఆ గంతులు లోలకానివి కావు, మన బొటనవేలివి. గోరంతని కొండంత చేయడం అంటే అదే. మొదటిదేమో కొండంతని గోరంత చేయడం.

ఇక సున్నా సంగతి. "గ్రాఫు ఎప్పుడూ సున్నా నుంచే మొదలవ్వాలి" అని కొందరు, "అవసరం లేదు, జాగా దండగ" అని కొందరు. రెండూ సూత్రాలు కావు. ఏం తెలుసుకోవాలనుకుంటున్నాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. లోలకం పొడవు దారం ముడి దగ్గర్నుంచి గుండు మధ్య దాకా కొలవాలి. ఒక పిల్లవాడు గుండు పైభాగం దాకానే కొలిచాడనుకోండి. గుండు వ్యాసార్ధం ఒక సెంటీమీటరైతే అతని ప్రతి పొడవూ ఒక సెంటీమీటరు తక్కువ. అతను రేఖని చుక్కలు చెప్పినట్టు గీస్తే అది మూలబిందువు గుండా పోదు, వై అక్షాన్ని 0.04 దగ్గర తాకుతుంది. కానీ వాలు మారదు, జీ 9.79 వస్తుంది! పైగా ఎక్స్ అక్షం మీద సున్నాకి ఎడమపక్క సరిగ్గా ఒక సెంటీమీటరు దగ్గర తాకి, "నాయనా, గుండుని మర్చిపోయావు" అని చెబుతుంది. అదే "రేఖ మూలబిందువు గుండా పోవాలి" అని కంఠస్థం చేసి బలవంతంగా అక్కడికి లాగితే జీ 9.67 దగ్గర తేలుతుంది.

అయితే 60 నుంచి 100 దాకా ఉన్న రీడింగులతో రేఖని అంత దూరం సున్నా దాకా పొడిగిస్తే అది ఊగిసలాడుతుంది. ఇరవై, నలభై సెంటీమీటర్ల పొడవుల దగ్గర కూడా రీడింగులు తీసుకోవాలి. ఇరవై ఊపులకి బదులు యాభై లెక్కపెట్టాలి. చూశారా, స్కేలు గురించి ఆలోచించడం మొదలుపెడితే ప్రయోగమే మారిపోయింది. ఎక్కడ కొలవాలి, ఎంత జాగ్రత్తగా కొలవాలి అన్నది గ్రాఫు ముందే చెప్పింది. గ్రాఫు ప్రయోగం అయ్యాక వేసే ముగ్గు అనుకునేవాళ్ళకి ఇది ఎప్పటికీ తెలియదు.

9.67 వచ్చిన పిల్లవాడు ఏం చేస్తాడో మీకూ తెలుసు, నాకూ తెలుసు. రీడింగులు దిద్దుతాడు. పుస్తకంలో ఉన్న 9.8 నుంచి వెనక్కి లెక్క కట్టి కొత్త రీడింగులు పుట్టిస్తాడు. చుక్కలన్నీ రేఖ మీద ముత్యాల్లా కూర్చుంటాయి, "గుడ్" అని సంతకం పడుతుంది. అతనికి భౌతికశాస్త్రం రాకపోతే కొంపలేం మునగవు. కళ్ళతో చూసినదాని కంటే కావాల్సిన జవాబు ముఖ్యం అన్న పాఠం మాత్రం పదహారేళ్ళకే బాగా వంటబట్టింది. నాకు బాధ అక్కడే.

కుంభాకార కటకం ప్రయోగంలో ఇంకో చిత్రం ఉంది. వస్తువు దూరం, ప్రతిబింబ దూరం కొలిచి యు-వి గ్రాఫు గీస్తాం. నాభ్యంతరం 10 సెంటీమీటర్లయితే 15కి 30, 20కి 20, 30కి 15 వస్తాయి. చుక్కలు కలిపితే వంపు తిరిగిన గీత. మూలబిందువు నుంచి 45 డిగ్రీల కోణంలో ఒక రేఖ గీస్తే ఆ వంపుని 20, 20 దగ్గర ఖండిస్తుంది. అందులో సగం నాభ్యంతరం. ఇక్కడ రెండు అక్షాల మీదా స్కేలు ఒకటే ఉండి తీరాలి. లోలకానికి వేర్వేరు స్కేళ్ళు తీసుకున్న చేత్తోనే ఇక్కడా ఎక్స్ మీద 5, వై మీద 10 తీసుకుని, కోణమానిని పెట్టి 45 డిగ్రీలు గీస్తే ఆ రేఖ రెండు దూరాలూ సమానమైన రేఖ కాదు. జవాబు తప్పుతుంది. కోణమానినికి కాగితం మీది సెంటీమీటర్లే తెలుసు, మనం వాటికి పెట్టుకున్న పేర్లు తెలియవు. "రెండు పక్కలా ఒకే స్కేలు తీసుకోండి" అని మాన్యువల్లో రాస్తారు. ఎందుకో రాయరు. ఎందుకో తెలిసినవాడికి అది గుర్తుపెట్టుకోవాల్సిన నియమమే కాదు.

పీ-ఎన్ డయోడ్ దగ్గరికొస్తే పరిస్థితి తిరగబడుతుంది. కుడివైపు ప్రవాహం మిల్లీ ఆంపియర్లలో, ఎడమవైపు మైక్రో ఆంపియర్లలో ఉంటుంది. వెయ్యి రెట్లు తేడా. సెంటీమీటరుకి ఒక మిల్లీ ఆంపియరు తీసుకుంటే ఒక మైక్రో ఆంపియరు మిల్లీమీటరులో వందో వంతు. పెన్సిలు గీత మందం దానికి ఎన్నో రెట్లు. అందుకే ఒకే బొమ్మలో పైన ఒక స్కేలు, కింద ఇంకో స్కేలు, కుడివైపు వోల్టులో పదో వంతులు, ఎడమవైపు పదుల వోల్టులు వేస్తారు. వేయడం సబబే. కానీ ఆ బొమ్మని రెండేళ్ళు చూసి కూడా డయోడు రెండువైపులా దాదాపు సమానంగానే కరెంటు పంపుతుందనుకునే పిల్లల్ని చూశాను. బొమ్మ అబద్ధం చెప్పలేదు, అక్షాల మీది అక్షరాలు ఎవరూ చదవలేదు. చదవడం ఎవరికొస్తుంది? ఎప్పుడో ఒకసారి ఆ అక్షరాలు తనే ఆలోచించి రాసినవాడికి.

ఏ స్కేలూ సరిపోని రోజు కూడా ఒకటి వస్తుంది. సూర్యుడి చుట్టూ తిరగడానికి బుధుడికి 0.24 సంవత్సరం, శుక్రుడికి 0.62, భూమికి 1, కుజుడికి 1.88, గురుడికి 11.9, శనికి 29.5. శనిని 24 సెంటీమీటర్ల ఎత్తున పెట్టండి. బుధుడు రెండు మిల్లీమీటర్ల దగ్గర, శుక్రుడు ఐదు, భూమి ఎనిమిది, కుజుడు పదిహేను. నాలుగు గ్రహాలు ఒకటిన్నర సెంటీమీటర్లో కుక్కుకుపోయాయి. గడి పెంచినా తగ్గించినా లాభం లేదు, స్కేలు జాతే మారాలి. సమానమైన దూరానికి సమానమైన కూడిక బదులు సమానమైన హెచ్చవేత పెట్టుకోవాలి. అదే లాగ్ స్కేలు. సూర్యుడి నుంచి దూరాన్నీ, తిరిగే కాలాన్నీ రెండింటినీ లాగ్‌లో వేస్తే ఆరు గ్రహాలూ ఒక సరళరేఖ మీద బారులు తీరతాయి. వాలు ఒకటిన్నర. కెప్లర్ 1618లో పట్టుకున్న మూడో నియమం అదే. నేపియర్ లాగరిథమ్ పట్టికలు అచ్చయింది 1614లో. చిన్నప్పుడు ఈ కాగితం మీద ఒక్క గ్రాఫు గీసినవాళ్ళు 2020లో పత్రికల్లో కరోనా కేసుల లాగ్ గ్రాఫులు చూసి, గీత వంగగానే జబ్బు పోయిందనుకుని ఉండరు.

"ఇప్పుడు చేత్తో గ్రాఫులు ఎవరు గీస్తున్నారండీ, కంప్యూటర్ చూసుకుంటుందిగా" అంటారు. కంప్యూటర్లతోనే బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఆ మాటకి జవాబు చెప్పే హక్కు నాకు కొంచెం ఉంది. కంప్యూటర్ చూసుకోదు. దానికి మీ ప్రశ్న తెలియదు. ఎక్సెల్‌లో రీడింగులు వేసి లైన్ చార్ట్ నొక్కారనుకోండి, ఎక్స్ అక్షం మీది సంఖ్యల్ని అది పేర్లలాగా చూస్తుంది. 12, 15, 20, 30, 60 అన్నీ సమాన దూరాల్లో కూర్చుంటాయి. కటకం వంపు కాస్తా ఇంకేదో ఆకారం అయిపోతుంది. స్కాటర్ చార్ట్ తీసుకోవాలి. ఇది తెలియని ఇంజనీర్లని చాలామందిని చూశాను. ఇక విలువల మధ్య తేడా తక్కువగా ఉంటే అదే సున్నాని వదిలేసి పైముక్కని పెద్దది చేసి చూపిస్తుంది. ఎవరూ అడగలేదు, ఎవరూ ఎంచుకోలేదు, స్కేలు మాత్రం వచ్చేసింది. బోర్డు మీద మాస్టారు రాసిన స్కేలుకీ దీనికీ తేడా ఏముంది?

ఒక ఆఫీసు మీటింగులో రెండు సర్వర్ల జవాబు వేగం బార్లుగా చూపించారు. ఒకటి 402 మిల్లీసెకన్లు, ఇంకోటి 410. అక్షం 400 నుంచి మొదలైంది. ఒక బారు రెండు గళ్ళు, ఇంకోటి పది గళ్ళు. తేడా రెండు శాతం, కంటికి కనిపించింది ఐదు రెట్లు. కొత్త సర్వరు కొనాలన్న మాట అక్కడికక్కడే లేచింది. బారు గ్రాఫులో పొడవే విలువ, దాని కాళ్ళు నరికితే మాట మారుతుంది.

కాబట్టి ఎప్పుడూ సున్నా నుంచే మొదలుపెట్టాలా? సిస్టమ్ నెలలో 99.2 శాతం సమయం పనిచేసింది, మరుసటి నెల 99.6 శాతం. సున్నా నుంచి గీస్తే రెండు నెలలూ ఒకటే, కళ్ళు చికిలించినా తేడా కనపడదు. కానీ ముప్పై రోజుల నెలలో మొదటిది దాదాపు ఐదు ముప్పావు గంటల ఆటంకం, రెండోది మూడు గంటల లోపు. సగానికి సగం తగ్గింది. రాత్రుళ్ళు ఫోన్లెత్తేవాళ్ళని అడిగితే ఆ తేడా ఎంతో చెబుతారు. ఇక్కడ 99 నుంచి గీయడమే నిజం. ఇంకా మంచిది, పనిచేయని గంటలనే సున్నా నుంచి గీయడం. నియమం కంఠస్థం చేసినవాడు ఈ రెండు చోట్లలో ఒకచోట తప్పక బోల్తా పడతాడు.

ఇదంతా చాదస్తం అనిపిస్తే 1986 జనవరి 28 గుర్తు చేసుకోండి. చాలెంజర్ అంతరిక్ష నౌక గాల్లోకి లేచిన 73 సెకన్లకి ముక్కలైంది, ఏడుగురు పోయారు. పక్క రాకెట్ల అతుకుల్లో వేసే రబ్బరు రింగులు చలికి బిగుసుకుపోవడం కారణం. ముందు రాత్రి ఇంజనీర్లు చలి ఎక్కువగా ఉంది, వద్దు అన్నారు, కానీ పైవాళ్ళని ఒప్పించలేకపోయారు. తర్వాత విచారణ సంఘం తన నివేదికలో రెండు గ్రాఫులు చూపించింది. రింగులు దెబ్బతిన్న ప్రయాణాల్ని మాత్రమే ఉష్ణోగ్రతకి ఎదురుగా పెడితే చుక్కలు 53 నుంచి 75 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా చెదురుమదురుగా ఉన్నాయి, చలికీ దెబ్బకీ సంబంధం కనిపించదు. దెబ్బతినని ప్రయాణాలు కూడా కలిపితే బొమ్మ మారిపోయింది. 66 డిగ్రీలు, ఆపైన జరిగిన 20 ప్రయాణాల్లో మూడింటికే దెబ్బ. 63, అంతకంటే తక్కువలో జరిగిన నాలుగింటికి నాలుగూ దెబ్బతిన్నాయి. ఆ ఉదయం గాలి 36 డిగ్రీలు. మన లెక్కలో రెండు సెల్సియస్. అంతకుముందు అన్నిటికంటే చల్లటి ప్రయాణం 53 దగ్గర. ఎక్స్ అక్షాన్ని 30 నుంచి మొదలుపెట్టి గీస్తే, నిర్ణయం తీసుకోవాల్సిన చోటు ఒకమూల, ఉన్న చుక్కలన్నీ ఇంకోమూల, మధ్యలో పెద్ద ఖాళీ. ఆ ఖాళీని చూసి "పోనీలే, ఎగరండి" అనడం ఎవరికైనా కష్టం. అక్షం రీడింగులు ఉన్నంత మేర మాత్రమే కాదు, అడగబోయే ప్రశ్న ఉన్నంత మేర ఉండాలి. లోలకం రేఖని సున్నా దాకా పొడిగించినవాడికి ఈ సంగతి చేతికి తెలుసు.

ఇక్కడి సంగతే చెప్పాలంటే, జెద్దాలో ఏడాది మొత్తం కలిపి పడే వాన సగటున 50 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. 2009 నవంబర్ 25న నాలుగు గంటల్లోనే 90 పైగా పడింది, వందమందికి పైగా ప్రాణాలు పోయాయి. 2022 నవంబర్ 24న ఆరు గంటల్లో 179 పడింది. నెలవారీ సగటుల గ్రాఫు గీస్తే నవంబరు దగ్గర చిన్న గుట్ట, అంతే. చాలా చక్కగా, ప్రశాంతంగా ఉంటుంది. ఊళ్ళో బట్టలారేసుకోవడానికి ఆ గ్రాఫు చాలు. కాలవలు ఎంత వెడల్పు తవ్వాలో తేల్చడానికి చాలదు. దానికి గంటల లెక్కన గీసిన గ్రాఫు కావాలి, అన్నిటికంటే పెద్ద వాన కాగితంలో పట్టే స్కేలు కావాలి. ఒకే వాన, రెండు ప్రశ్నలు, రెండు స్కేళ్ళు.

మాస్టార్ల వైపు నుంచి కూడా మాట్లాడాలి. నలభైమంది పిల్లలు, రెండు పీరియడ్లు, నాలుగు స్టాప్‌వాచీలు. అందరికీ ఒకే స్కేలైతే ఒక్క చూపులో దిద్దొచ్చు. నలభై స్కేళ్ళైతే ఒక్కో గ్రాఫూ చదవాలి. సిలబస్ పూర్తి కావాలి, పరీక్షకి బయటి నుంచి ఎగ్జామినర్ వస్తారు, ఆయనకి అలవాటైన బొమ్మ కనపడకపోతే మార్కులు పోతాయని భయం. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. వాళ్ళని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఈ ఇబ్బందులన్నీ దిద్దేవాళ్ళవి, నేర్చుకునేవాళ్ళవి కావు. దిద్దడం సులువు కావాలని నేర్చుకోవడాన్ని తీసేయడం ఎంతవరకు న్యాయం?

నేను కోరేది పెద్ద మార్పేమీ కాదు. పది ప్రయోగాల్లో రెండింటికి స్కేలు ఇవ్వకండి. గ్రాఫు కింద "ఈ స్కేలు ఎందుకు తీసుకున్నాను" అని రెండు వాక్యాలు రాయించండి, దానికి ఒక్క మార్కు పెట్టండి. కుదిరితే ఒక్కసారి, ఏడాదిలో ఒకే ఒక్కసారి, అవే రీడింగుల్ని రెండు స్కేళ్ళలో గీయించి, ఏ గ్రాఫు ఏం దాస్తోందో చెప్పమనండి. వైవాలో "మూలబిందువు ఎందుకు వదిలేశావ్?" అని అడగండి. రెండు కాగితాలు, అరగంట సమయం. ఖర్చు అంతే.

ఇంట్లో తల్లిదండ్రులు చేయగలిగింది ఇంకా సులువు. పిల్లలు "స్కేలెంత?" అని అడిగితే చెప్పకండి. "నీ రీడింగుల్లో చిన్నది ఎంత, పెద్దది ఎంత? నీ కొలతలో అనుమానం ఎంత? ఈ గ్రాఫుని ఏం అడగబోతున్నావ్?" అని మూడు ప్రశ్నలు తిరిగి వేయండి. మీకు ఫిజిక్స్ రానక్కర్లేదు. మొదటిసారి విసుక్కుంటారు. మా ఇంటికొచ్చే పాప అయితే "మా సార్ ఒక్క నిమిషంలో చెప్పేస్తారంకుల్" అని మొహమ్మీదే అనేసింది. అలా అంటూనే కాగితాన్ని అడ్డంగా తిప్పి చూసుకుంది. పోయిన వారం మూడు స్కేళ్ళు చిత్తు కాగితం మీద వేసుకుని, రెండు కొట్టేసి, మూడోది ఎందుకు ఉంచిందో నాకు చెప్పింది. అది నేను తీసుకునే స్కేలు కాదు. కానీ ఆమె చెప్పిన కారణం బాగుంది, అందుకని మార్చమనలేదు.